ఇశాపట్నంలో సూరిగాడి కూత

"మామ్మా, మీ తమ్ముడు, అదే మా తాతయ్య, వైజాగ్ వెళ్ళి కబడ్డీ ఆడాడట కదా. నాన్నని అడిగితే సరిగ్గా తెలీదన్నాడు. నువ్వప్పుడు అక్కడే ఉన్నావట. చెప్పవా? ఫోన్లో రికార్డు చేసుకుంటాను."

ఉన్నావటేటి? నేను లేకపోతే ఆ ఆటే లేదు. మీ నాన్నకి తెలీదంటే ఇడ్డూరం ఏటున్నాది, ఆడికి ఆళ్ళావిడ సెప్పిన సరుకులే సంతకెల్లీసరికి సగం గుర్తుండవు. ఆ ఫోను అటు తిప్పి పెట్టమ్మా, నా మొకానికి ఎదురుగా ఉంటే మాట రాదు. ఆ, అలాగ. ఎర్రగా ఎలుగుతున్నాది, అంటే అది ఇంటన్నట్టా? సరే అయితే.

ముందు ఇశాపట్నం అను. వైజాగంటే నాకేదో బిస్కట్టు పేరులాగుంటాది.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఇంటాయన హార్బరులో కళాసీ. కళాసీ అంటే ఓడలకి తాళ్ళు కట్టడం, ఇప్పడం, బరువులు లాగడం. ఊర్లో మా అత్త మాత్రం 'మావోడు ఓడలు నడుపుతన్నాడు' అని సెప్పుకొనీది. ఆయన జన్మలో ఓడ నడపలేదు. సైకిలే సరిగ్గా నడిపీవోడు కాదు. పాత ఊరులో ఒక గది, ముందు వరండా, ఎనక వంట సావిడి, అద్దె పన్నెండు రూపాయలు. ఇప్పుడు పన్నెండు రూపాయలకి ఏటొస్తాది? నీ ఫోను తుడిసే గుడ్డ రాదు.

కాని ఊరు సూడాల నువ్వు! ఓడ కూతేస్తే ఇంట్లో గిన్నెలు గలగలమనీవి. ఎక్కడో అడివిలోంచి ఇనప రాయి తెచ్చి ఓడలకెక్కించడం అప్పుడే కొత్తగా మొదలెట్టారు. ఎర్రరాయి గూడ్సు అనీవోళ్ళం ఆ బండిని. పొద్దున్న ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కాసాయం. మా సందులో మొగోళ్ళందరూ సన్నాసుల్లాగే తిరిగీవోళ్ళు. సంసారాలు మాత్రం ఒక్కడూ మానలేదు.

నేను కాపరానికెల్లిన కొత్తలోనే ఉక్కు గొడవ. ఉక్కు ఫేక్టరీ మాకే కావాలని ఊరు ఊరంతా రోడ్డెక్కీసింది. కాలేజీ పిల్లలు, కూలోళ్ళు, ప్లీడర్లు, అందరిదీ ఒకటే కేక. కొట్లు మూసీసారు, బళ్ళు ఆపీసారు. ఇంటికి తిరిగిరాని పిల్లలూ ఉన్నారు. దాని గురించి నవ్వుతా సెప్పకూడదు, సెప్పను. కాని మన పక్క ఎవరికైనా కోపమొస్తే ఏటి సేస్తారు? గట్టుమీద నిలబడి అవతలోడి తాత ముత్తాతల్ని తలుసుకుంటారు, పొద్దుగుంకితే ఇంటికొచ్చి తొంగుంటారు. ఊరు మొత్తం పని మానీసి, 'ఇది ఇచ్చినదాకా కదలం' అని కూకోడం నేను ఇశాపట్నంలోనే సూసాను. బందు అంటారని తెలిసింది. మంచి మాట దొరికిందనుకున్నాను.

ఏటి సెప్తన్నాను? ఆ, మీ తాత. మీ తాతకి నేను మూడేళ్ళు పెద్ద. నన్ను అప్పా అనీవోడు. మన పక్క అక్కని అప్పే అంటాం కదా. నాకు ఆడు సూరిగాడు. మీ తాతని ఆడు ఈడు అంటన్నానని రాసుకోకు, తమ్ముణ్ణి ఇంకేటంటాను?

ఆడికి నత్తి. నీకు తెలిసీసరికి తగ్గిపోయిందని అందరూ అనుకున్నారు. తగ్గలేదు. ముసిలోడయ్యాక మాటాడ్డమే తగ్గించీసాడు. సిన్నప్పుడు సాలా ఉండీది. అందులోను 'క' దగ్గర మరీను. క ఒచ్చిందంటే ఆడి నోరు గడియపెట్టిన తలుపే. మా ఇంటాయన్ని అందరూ కళాసీ బావ అంటే, ఈడు ఒట్టి బావ అనీవోడు.

మనూరోళ్ళు సెడ్డోళ్ళు కాదు. కాని ఆగరు. ఆడు 'ఆ... ఆ...' అనగానే అన్నమా? అప్పా? అరిటికాయా? అని నలుగురు నాలుగు మాటలు ఆడి నోట్లో పెట్టీసీవోళ్ళు. ఆడు ఇసిగిపోయి ఏదో ఒకదానికి తలూపీసీవోడు. ఒకసారి మా పెదనాన్న ఇంటికి 'ఆవు ఈనింది' అని సెప్పడానికెల్లి, ఆముదం సీసా పట్టుకుని తిరిగొచ్చాడు. నువ్వు నవ్వుతన్నావు. మేమూ నవ్వీవోళ్ళం. ఆడు నవ్వీవోడు కాదు.

అలాటోడు కూతకెల్తే సూడాల! కూతంటే తెలుసు కదా, ఊపిరి పట్టి గీత దాటి అవతలోళ్ళ మీదకి ఎల్తూ అంటారే, అది. మన పక్క 'సెడుగుడు సెడుగుడు' అనీవోళ్ళం. ఆ మాటకి మాత్రం ఆడికి నత్తి లేదు. కొళాయి తిప్పినట్టు ఒచ్చీసేది. ఎందుకంటే నాకేటి తెలుసు, నేను డాక్టర్నా? మా అమ్మ ఒక మాట అనీది: 'కూతకెల్లినోడికి ఎవడూ మాట అందించలేడు గదే, అందుకు.' నిజమే. ఆ గీతకి ఇవతల ఆడు నత్తి సూరి. అవతల ఆడి మాట అయ్యిందాకా ఏడుగురు మొగోళ్ళు ఎనక్కి ఎనక్కి నడవాల. ఇరవై రెండేళ్ళ గుంటడికి ఆ ఊపిరంత సేపే మర్యాద. అది పోతే ఇంకేటి లేదు. ఈ ముక్క గుర్తెట్టుకో, మిగతాదంతా దీని గురించే.

ఇశాపట్నంలో పెద్ద పోటీలు, టీములు రండని మనూరికి కాగితమొచ్చింది. ఇంగ్లీషు కాగితం. మేష్టారు సదివి తేదీ ఒక్కటీ సెప్పి, మిగతాది మడిసి జేబులో పెట్టుకున్నారు. మిగతాది ఆయనకీ అర్దం కాలేదని తరవాత తెలిసింది. ఆయన సదువు మీద ఊరికి నమ్మకం, ఊరి నమ్మకం మీద ఆయనకి భయం. ఎవర్నీ ఏటీ అనడానికి లేదు.

పది మంది ఆమదాలవలసలో పాసింజరెక్కి వాల్తేరులో దిగారు. సరాసరి నా వరండాలోకి. పది మంది! కేప్టెను రామినాయుడు, బుగతోరి అబ్బాయి, అంటే ఊరి బూకామందు కొడుకు. ఆడే కేప్టెను ఎందుకంటే బనీన్లు ఆళ్ళ నాన్న కొన్నాడు. ఆట బాగానే ఆడీవోడు, కాదన్ను. మీసానికి నూని రాసీవోడు. అద్దం దొరికితే ఆట మర్సిపోయీవోడు. ఆ బనీన్లు రాజాంలో కొన్నారట, పసుపు రంగు. మొదటి సెమటకే రంగు దిగి పదిమందీ నలుగెట్టిన పెళ్ళికొడుకుల్లాగ అయిపోయారు. ఒక్కడికీ పిల్లనివ్వడానికి ఎవరూ రాలేదు, అది ఏరే ఇసయం.

మొదటిరోజు ఆటకి నేనెల్లలేదు. పదిమందికి వండాల కదా. మా ఇంటాయన సూసొచ్చాడు. ఆయన సెప్పడమంటే గోడ సెప్పినట్టే. 'ఏటయింది?' అంటే 'ఓడిపోయారు' అన్నాడు. 'మా సూరి?' అంటే 'నోరు రాలేదు' అన్నాడు. ఇంక అన్నం పెట్టమన్నాడు. మిగతాదంతా పక్కింటి నూకాలమ్మ సెప్పింది. ఆమె సేపలమ్మీది. బుట్టలో సేపలు అయిపోతే కబుర్లు అమ్మీది. రెండూ తాజావే, సెప్పుకోవాల.

ఏటయిందంటే, మీ తాతని ముందు కూతకి పంపారట. 'సెడుగుడు' అనగానే ఈల. అంపైరు, బట్టతల పెద్దాయన, దగ్గరకొచ్చి, 'బాబూ, చెడుగుడు కాదు. ఇక్కడ కబడ్డీ అనే అనాలి. కాగితంలో రాశాం కదా' అన్నాడట. కాగితం మేష్టారి జేబులో ఉన్నాది, మేష్టారు మనూర్లో ఉన్నారు. మిగతా గుంటలకి ఏటి, బేగి మార్సుకున్నారు. కబడ్డీ అన్నారు, కబాడీ అన్నారు, ఎలాగో లాక్కొచ్చారు. మీ తాతకి ఆ మాటలో మొదటి అక్షరమే క.

గీతమీద నిలబడి 'క... క... క...' అంటన్నాడట. కూత లేకుండా అడుగేస్తే ఈల. మళ్ళీ ఎల్లాడు, మళ్ళీ ఈల. మూడోసారి జనమే ఆడి బదులు 'క... క... కాకి!' అని అందుకున్నారట. నూకాలమ్మ ఆ ముక్క నవ్వుతానే మొదలెట్టి, నా మొకం సూసి మింగీసింది.

గుంపులో మూడు టీములు. ఒకటి ఓడినా రెండోది గెలిస్తే ముందుకి ఎల్లొచ్చు. ఆ రెండోది ఎల్లుండి, ఇశాపట్నం టీముతోనే. సాయంత్రం వరండాలో రామినాయుడు సెప్పీసాడు: 'సూరి ఒద్దు. నీళ్ళ కూజా సూసుకుంటాడు.' మిగతావోళ్ళు తలూపీసారు. పది మందిలో తొమ్మిదిమంది మీ తాత కూతమీద నెగ్గి ఊర్లో మీసాలు మెలేసినోళ్ళే.

ఆడు ఎనక సావిట్లోకొచ్చి నా పక్కన కూకున్నాడు. 'అప్పా, నే... నేను ఎ... ఎ...' అన్నాడు. 'ఎల్లిపోతావా?' అన్నాను. తలూపాడు. 'ఇంక ఆ... ఆ...' అన్నాడు. 'ఆడవా?' అన్నాను. దానికీ తలూపాడు. సూసావా? ఊరోళ్ళని అన్నాను గాని నేను మాత్రం ఎప్పుడు ఆగాను? ఆడు ఆట మానీస్తానన్న మాటా ఆడిసేత సెప్పనివ్వలేదు.

మర్నాడు పొద్దున్న. నేను సేటలో బియ్యం ఏరుకుంటన్నాను. ఆడు సెప్పులు ఎతుక్కుంటన్నాడు. మా సందు సివర బడ్డీ ఉండీది, సెక్కపెట్టెలాంటి సిన్న కొట్టు, కిళ్ళీలు, బీడీలు, టీపొడుం. ఒచ్చిన కాడ్నించీ ఆడు మాటాడాల్సిన పని లేకుండా పొద్దుపుచ్చింది అక్కడే, ఏలు సూపిస్తే వస్తువు సేతిలో పెడతాడు కదా బడ్డీవోడు. మన పక్క మనిషి గుమ్మం దిగితే అడక్కుండా ఉండలేం. పొలానికా? సంతకా? ఎల్తన్నాడని తెలుసు, ఎక్కడికో తెలుసు, అయినా అడగాల.

'ఏట్రా, బడ్డీకా?' అన్నాను.

మంచం కిందకి ఒంగాడు.

'బడ్డీకేనా?'

'ఒరే నిన్నే, బడ్డీకా?'

అంతే, నా మీదకి తిరిగి, మూతి వంకర పెట్టి, నన్ను ఎక్కిరిస్తా ఒకటే ఊపిర్లో 'బడ్డీకా బడ్డీకా బడ్డీకా బడ్డీకా బడ్డీకా' అనీసాడు. ఎక్కిరించీటప్పుడు నత్తి ఎక్కడికెల్తాదో! ఒక్క గింజ తడబాటు లేదు.

కోపమొచ్చి సేట ఎత్తబోయాను. ఎత్తి ఆగిపోయాను.

'మళ్ళీ అను.'

'ఏ... ఏటి?'

'ఇప్పుడన్నావే, అదే. ఆపకుండా అను. గట్టిగా అను.'

నాకు పిచ్చెక్కిందనుకుని అన్నాడు. 'బడ్డీకాబడ్డీకాబడ్డీకాబడ్డీకాబడ్డీ...' ఊపిరి పట్టాడంటే ఆపడు కదా, సావిడంతా మోగిపోయింది. గోడ అవతలనించి నూకాలమ్మ కేకేసింది: 'ఏటప్పా, మీ తమ్ముడికి కబడ్డీ ఒచ్చీసిందా?'

అర్దమైందా? నువ్వూ అనుకుని సూడు, నోట్లోనే. మొదటి క ఒక్కటీ లేదు. మిగతా కలన్నీ ఉన్నాయి. మోసం కదా అని మీ నాన్న ఒకసారి అడిగాడు. మోసమేటి? ఇంటికి ముందు గుమ్మంలోంచి రాలేనోడు ఎనక గుమ్మంలోంచి ఒచ్చాడు. ఇల్లు ఆడిదే కదా?

ఆ రోజంతా ఇంట్లోంచి బడ్డీకి, బడ్డీనించి ఇంటికి ఒకే ఊపిర్లో కూతపెట్టుకుంటా తిరిగాడు. నాలుగోసారికి బడ్డీవోడు సేతులు జోడించి, 'నాయనా, బడ్డీకి ఒస్తన్నావని సందంతా తెలిసింది, ఒచ్చాక ఏదో ఒకటి కొను' అన్నాడు.

రామినాయుడికి సెప్తే మీసం దువ్వుకుని, 'అలాటి ఎర్రి ఏసాలు ఇశాపట్నంలో కుదరవు వదినా' అన్నాడు. ఇశాపట్నంలో ఏటి కుదుర్తాదో నాకు ఆడు సెప్తన్నాడు! నిన్న గాక మొన్న దిగినోడు! నేను లేచాను. ఎల్లి, మండుతున్న పొయ్యిలో సెంబుడు నీళ్ళు పోసీసాను. బుస్సుమంది. ఒచ్చి గుమ్మంలో కూకున్నాను.

'ఇదేటి వదినా?'

'బందు.'

'దేనికి?'

'మా సూరి రేపు ఆడతాడన్నదాకా ఈ ఇంట్లో పొయ్యి ఎలగదు.'

పది మంది మొగోళ్ళు, సముద్రం గాలికి ఆకలి రెండింతలు. ఒకడు మంచి మాటలు సెప్పాడు, ఒకడు అలిగాడు. మా ఇంటాయన డ్యూటీకి కాళీ కడుపుతో బయల్దేరాడు పాపం. ఎల్తా ఎల్తా రామినాయుడి భుజం తట్టి, 'ఈమెతో పెట్టుకోకు. నేను రెండేళ్ళనించీ పెట్టుకోలేదు' అన్నాడు. ఆయన నోట్లోంచి అంత పొడుగు మాట నేను అంతకు ముందు ఇనలేదు. మద్యాన్నానికి నూకాలమ్మ గోడ అవతల సేపలేపడం మొదలెట్టింది. నేను సెప్పలేదు. ఆమే తెలివైంది. వాసన వరండాకి ఎల్లిన కాసేపటికి రామినాయుడు ఒచ్చి, 'ఆడతాడు, పొయ్యి ఎలిగించు' అన్నాడు. పైడితల్లి మీద ఒట్టేయించుకుని అప్పుడు ఎలిగించాను.

మర్నాడు నేనూ ఎల్లాను, నూకాలమ్మని తోడెట్టుకుని. మైదానం హార్బరు పట్టాల పక్కన. జనం జనం కాదు! గోడలమీద, సెట్లమీద, ఆగిన లారీలమీద. ఆడోళ్ళం మేమిద్దరమే. నూకాలమ్మ బుట్ట బోర్లించి దానిమీద నిలబడ్డాం. సేపల వాసనకి మా సుట్టూ మనుసులు ఎడంగా జరిగారు, బాగా అగుపించింది.

ఇశాపట్నం గుంటలు నీలం బనీన్లు, ఎనక నంబర్లు, ఒక్కొక్కడూ దున్నపోతులాగున్నాడు. అదే బట్టతల అంపైరు. మీ తాత గీతమీదకొచ్చి నిలబడ్డాడు. మొన్నటి జనం మర్సిపోలేదు. 'కాకి! కాకి!' అన్నారు. ఆడు ఒంగి మట్టి ముట్టుకున్నాడు. ఆ తరవాత ఇన్నాను. 'బడ్డీకాబడ్డీకాబడ్డీకా...'

అంపైరు ఈల నోటిదాకా తెచ్చి, ఒంగి, సెవి పెట్టి ఇన్నాడు. ఈల కిందకి దించీసాడు. మీ తాత ఇద్దర్ని ముట్టి ఎనక్కొచ్చాడు. మనోళ్ళు తొమ్మిది మందే అరిసారు, నూకాలమ్మతో పది. నేను అరవలేదు, బుట్టమీంచి పడకుండా నూకాలమ్మని పట్టుకున్నాను.

ఇంక సూడాల. ఎల్లడం, ముట్టడం, రావడం. కాకి అన్న నోళ్ళు ఒకటొకటే మూతపడ్డాయి. రామినాయుడూ బాగా ఆడాడు ఆ రోజు, అద్దం లేదు కదా. సివరికొచ్చీసరికి రెండు టీములూ సమానం. సివరి కూత. మీ తాతే ఎల్లాడు.

ఒకడ్ని ముట్టాడు. తిరిగీలోగా నలుగురు మీద పడిపోయారు. కాళ్ళు ఒకడు, నడుం ఒకడు. మట్టి లేచి మనుసులు అగుపించడం లేదు. కాని కూత ఇనిపిస్తన్నాది. నలుగురి కిందనించి సన్నంగా, తెగకుండా. జరుగుతన్నాడు. జానెడు, బెత్తెడు. ఒక సెయ్యి బయటికొచ్చింది, గీత దాటి ఏళ్ళు మట్టిలో దిగాయి. ఈల!

గెలిసాం అనుకున్నాం. అప్పుడు నీలం బనీన్ల కేప్టెను లేచి, మట్టి దులుపుకుని, అంపైరు దగ్గరకెల్లాడు. 'సార్, ఇతను కబడ్డీ అనడం లేదు. బడ్డీకా అంటున్నాడు. నేను మీదే ఉన్నాను, చెవిలో విన్నాను.'

ఆడిది తప్పు కాదులే. ఆడు ఇన్నది ఆడు సెప్పాడు.

జనం నవ్వారు. ఒకడు 'బడ్డీకా!' అన్నాడు, పదిమంది అందుకున్నారు. అంపైరు సెయ్యెత్తాడు. మీ తాతని పిలిచాడు. ఆడు మోకాలు కొట్టుకుపోయి, పసుపంతా ఎర్రమట్టయిపోయి, రొప్పుకుంటా నిలబడ్డాడు.

'నీ కూత ఏమిటి బాబూ? నువ్వే చెప్పు.'

రామినాయుడు ముందుకొచ్చాడు. 'సార్, ఆడు అన్నది కబ...'

'నిన్ను అడగలేదు' అన్నాడు అంపైరు. 'అతను చెప్తాడు. మనం ఆగుదాం.'

ఆగుదాం. ఆ మాట ఆడు పుట్టిన కాడ్నించీ ఆడితో ఎవరూ అనలేదమ్మా. అమ్మ అనలేదు, అయ్య అనలేదు, నేననలేదు.

ఆడు ఏదో సులువు మాట ఎతుక్కుంటాడనుకున్నాను. 'అదే సార్' అనీసి తలూపొచ్చు, జీవితమంతా సేసింది అదే కదా. సెయ్యలేదు. నోరు తెరిచి, సరిగ్గా ఆ తలుపు దగ్గరకే ఎల్లాడు.

'క...'

ఎవడో నవ్వబోయాడు. అంపైరు అటు సూసాడు. నవ్వు ఆగిపోయింది.

'క... క...'

మెడ నరాలు తాళ్ళయ్యాయి. పట్టాలమీద ఎర్రరాయి గూడ్సు ఒచ్చింది. డబ్బా తరవాత డబ్బా, డబ్బా తరవాత డబ్బా, ఎంత పొడుగు బండో నీకు తెలీదు. అది ఎల్లినంత సేపూ ఆడి నోరు కదుల్తున్నాది, మాకేటీ ఇనపడదు. నా నాలిక చివర ఉన్నాది ఆ మాట. ఆడి బదులు నేను అరిసీద్దునేమో. కొంగు మొత్తం నోట్లో కుక్కుకున్నాను. నూకాలమ్మ నా జబ్బ పట్టుకున్నాది, గోళ్ళు దిగాయి, వారం రోజులు మచ్చలున్నాయి.

సివరి డబ్బా ఎల్లిపోయింది. మైదానంలో సీమ సిటుక్కుమన్లేదు. ఉక్కు కావాలని రోడ్డెక్కిన ఊరమ్మా అది, ఆగమంటే ఆగే ఊరు కాదు. గోడలమీద మనుసులు, లారీలమీద మనుసులు, కూలోళ్ళు, గుమాస్తాలు, బడ్డీవోడూ ఒచ్చాడు కొట్టు మూసుకుని, ఇంతమందీ మన పక్క నత్తి గుంటడి ఒక్క మాట కోసం నోరు మూసుకుని నిలబడ్డారు.

'క... క... కబడ్డీ.'

మెల్లగా అన్నాడు. ఊపిరి పట్టి కాదు, మామూలుగా, మనిషి మనిషితో సెప్పినట్టు.

అంపైరు నీలం బనీను గుంటడి వైపు తిరిగి, 'విన్నావు కదా. కూతలో ఆ మాటే నాకు వినిపించింది, ఊపిరి తెగలేదు' అన్నాడు. పాయింట్లు మనకి రాసుకోమన్నాడు. ఆ గుంటడు ఒక్క నిమసం నిలబడి, ఎల్లి మీ తాత సెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అప్పుడు అరిసింది ఊరు! ఓడ కూతలు నేను రెండేళ్ళు ఇన్నాను. ఇది ఇంకోలాగున్నాది.

కప్పు తెచ్చారా అంటావేటి? లేదు. తరవాత ఆటలో ఓడిపోయారు, బాగానే ఓడిపోయారు, అందులో సెప్పుకోడానికేటీ లేదు. పేపర్లో రెండు లైన్లు పడ్డాయి. కూతకెల్లి గెలిపించింది రామినాయుడని ఏసారు. అది ఆడు పటం కట్టించి గోడకెట్టుకున్నాడు, ఇప్పటికీ ఆళ్ళ ఇంట్లో ఉన్నాది, ఎల్లి సూడు. అడగకుండానే సూపిస్తారు.

కాని ఆ సాయంత్రం ముక్క ఎవరికీ తెలీదు. పదిమందికీ ఆకులేసాను. మీ తాతకి సిన్నప్పట్నించీ కూరంటే పేణం. కాని కూరలో మొదటి అక్షరం ఏటి? అందుకని ఇరవై రెండేళ్ళూ పులుసే ఎయ్యమనీవోడు, మేమేమో ఆడికి పులుసంటే ఇష్టమనుకుని గిన్నెడు పోసీవోళ్ళం. ఆ రోజు నేను పులుసు గరిటె ఎత్తగానే సెయ్యి అడ్డెట్టాడు.

'అప్పా, కూ... కూ...'

నాకు తెలిసిపోయింది. కాని నేను అనలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఆకులముందు తొమ్మిదిమంది ఆకలితో ఉన్నారు. ఒక్కడూ అందుకోలేదు. రామినాయుడూ సెయ్యి ఆకుమీదనించి తీసీసి కూకున్నాడు. మా ఇంటాయన మామూలుగానే మాటాడడు, ఆయన లెక్క కాదు.

'కూర' అన్నాడు.

వంకాయ కూర. గిన్నెలో ఉన్నదంతా ఆడి ఆకులో బోర్లించీసాను. మిగతావోళ్ళు పులుసు తాగారు.

ఆడు ఊరికొచ్చాక అందరూ ఆగారా అంటే, ఏటాగుతారు, మనూరోళ్ళు మనూరోళ్ళే. కాని ఎవడైనా మద్దిలో అందుకుంటే మీ తాత సెయ్యి ఎత్తీవోడు, ఆ అంపైరులాగ. ఎత్తి, తన మాట తను సెప్పుకొనీవోడు. ఎంత సేపైనా సరే. నీకు పేరు పెట్టిన రోజున నీ సెవిలో ఆ పేరు ఎవర్నీ సెప్పనివ్వలేదు, తనే సెప్పాడు. సాలా సేపు పట్టింది. నువ్వు ఏడవలేదు. ఇంటానే ఉన్నావు.

సల్లగా ఉండు తల్లీ. నీ మాట పూర్తయిందాకా కూకునే మనుసులు నీకు దొరకాల. ఎదటోడి మాట అయ్యిందాకా ఆగే ఓపిక నీకు రావాల. నాకు సాలా ఆలీసంగా ఒచ్చింది, ఒచ్చినా ఎక్కువరోజులు నిలవలేదు, ఇందాకట్నించీ నిన్నొక్క మాటా ఆడనివ్వలేదు. ఆ ఎర్రదీపం ఇంకా ఎలుగుతన్నాదా?